తెరల గదిలో ఊరంతా కనబడుతుంది సరే, వాల్వు తిప్పేదెవరు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు చిత్తూరులో ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నారు. 'స్మార్ట్ సిటీల అభివృద్ధిలో ఐటీ పాత్ర' అని సెమినార్ టాపిక్ ఇచ్చారు. నెట్‌లో ఎక్కడ చూసినా సెన్సర్లు, బిగ్ డేటా, ఏఐ అంటూ ఒకటే పాట. మీ నాన్నగారేమో తిరుపతిలో గోడల మీద బొమ్మలు, స్తంభాల మీద కెమెరాలు చూపించి "ఇదేనా మీ స్మార్టు?" అని నవ్వారు. ఇందులో ఏది నిజమో, తిరుపతిని ఉదాహరణగా తీసుకోవచ్చో లేదో చెప్పమన్నారు.

జవాబు ముందే చెప్పేస్తాను. ఐటీ ఊరిని బాగుచేయదు. ఎక్కడో ఏదో చెడిపోయిందన్న కబురు, దాన్ని బాగుచేయాల్సిన మనిషికి చేరడానికి పట్టే టైమును తగ్గిస్తుంది. ఆ మనిషి ఉండి, చేతిలో స్పానరు ఉండి, సామాను కొనే అధికారం ఎవరికో ఒకరికి ఉంటే అది చాలా పెద్ద మేలు. ఆ మూడింట్లో ఏ ఒక్కటి లేకపోయినా మీ నాన్నగారి నవ్వే నిజం. ఇక తిరుపతి ఉదాహరణ అంటారా, నిక్షేపంగా తీసుకోండి. కాకపోతే అందరూ చూపించే చోటు వేరు, నేను చూపించే చోటు వేరు. అది కాస్త కిందికి వెళ్లాక చెప్తాను.

నేను చదివింది ఎలక్ట్రానిక్స్ డిప్లొమా. పదిహేడేళ్లుగా మున్సిపాలిటీల్లో పంప్‌హౌసులకు, వీధిదీపాలకు, ట్రాఫిక్ సిగ్నళ్లకు కంట్రోల్ ప్యానెళ్లు, సెన్సర్లు బిగించే పని. పెద్ద కంపెనీ టెండరు పాడుకుంటుంది, దాని కింద ఇంకో కంపెనీ, దాని కింద మేము. పీపీటీలో బాణం గుర్తు వెళ్లి ఆగేచోట నిచ్చెన వేసుకుని ఎక్కేది మేమే. సొంతూరు పాకాల పక్కన, ఉండేది తిరుపతి ఎం.ఆర్.పల్లి వైపు. నేను చెప్పే కథల్లో ఊళ్ల పేర్లు, కంపెనీల పేర్లు అడక్కండి. ఇంకా ఆ పనే చేసుకుని బతుకుతున్నా.

ముందు కాగితం మీది లెక్క. కేంద్రం స్మార్ట్ సిటీస్ మిషన్‌ను 2015 జూన్ 25న ప్రారంభించింది. 100 నగరాలు. ఒక్కో నగరానికి ఐదేళ్లలో కేంద్రం 500 కోట్లు ఇస్తుంది, రాష్ట్రమూ స్థానిక సంస్థా కలిసి అంతే మొత్తం వేసుకోవాలి. మన రాష్ట్రం నుంచి విశాఖపట్నం, కాకినాడ 2016 జనవరిలోనే ఎంపికయ్యాయి, తిరుపతి అదే ఏడాది సెప్టెంబరు జాబితాలో వచ్చింది. పనులు చూడటానికి తిరుపతి స్మార్ట్ సిటీ కార్పొరేషన్ లిమిటెడ్ అని విడిగా కంపెనీ పెట్టారు. గడువు పొడిగిస్తూ పొడిగిస్తూ వచ్చి, చివరికి 2025 మార్చి 31తో మిషన్ ముగిసింది. కాబట్టి సెమినార్‌లో 'మిషన్ కింద పనులు జరుగుతున్నాయి' అని రాయకండి, ఎవరైనా పట్టుకుంటే మార్కులు పోతాయి.

ఇంకో మాట. ఆ డబ్బంతా కంప్యూటర్లకు పోయిందనుకునేరు. తిరుపతిలో కళ్లకు కనబడే పెద్ద పని శ్రీనివాస సేతు. మొదట దాని పేరు గరుడ వారధి. తితిదే, స్మార్ట్ సిటీ కార్పొరేషన్ కలిసి ఖర్చు పెట్టుకున్నాయి. తిరుచానూరు వైపు నుంచి కపిలతీర్థం దగ్గరి దాకా సుమారు 7 కిలోమీటర్లు, 2023 సెప్టెంబరులో మొత్తం తెరిచారు. అది సిమెంటు, ఇనుము. వినాయక సాగర్ చెరువు మట్టి, రాయి, చెట్లు. ఐటీ వాటా అందులో చిన్నదే. మాటల్లో మాత్రం పెద్దది.

సరే, అసలు సంగతికి వద్దాం. నీళ్లతో మొదలుపెడతాను, నాకు బాగా తెలిసింది అదే.

ఓవర్‌హెడ్ ట్యాంకులో నీటి మట్టం తెలుసుకోవడానికి అల్ట్రాసోనిక్ సెన్సర్ పెడతాం. ట్యాంకు కప్పుకు కిందికి చూసేలా బిగిస్తాం. అది శబ్దం పంపుతుంది, నీటికి తగిలి తిరిగి రావడానికి పట్టిన టైమును బట్టి దూరం లెక్కేస్తుంది. దూరం తక్కువంటే ట్యాంకు నిండినట్టు. ఆ రీడింగు సిమ్‌కార్డు ఉన్న చిన్న పెట్టె ద్వారా కంట్రోల్ రూముకు, అంటే ఊరంతా తెరల మీద కనబడే గదికి వెళ్తుంది. ట్యాంకు నిండితే పంపు దానంతటదే ఆగిపోతుంది, తగ్గితే ఆడుతుంది. కరెంటు మిగులుతుంది, ట్యాంకు పొంగి నీళ్లు కాలువపాలు కావు, రాత్రిపూట పంపు ఆపరేటర్‌కు నిద్ర చెడదు. అన్నీ నిజాలే.

ఒక ఊళ్లో ఇలాగే బిగించాం. ఆరు నెలలు బంగారంలా నడిచింది. ఒకసారి రెండు రోజుల పాటు ఒక ట్యాంకు 'నిండుగా' చూపిస్తూనే ఉంది. నిండుగా ఉంటే పంపు ఎందుకు ఆడుతుంది? ఆడలేదు. రెండో రోజు మధ్యాహ్నానికి ఆడవాళ్లు బిందెలు పట్టుకుని ఆఫీసు మీదికి వచ్చారు. అక్కడి ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీరు, మంచి మనిషే. వాళ్లను లోపలికి పిలిచి, గోడ మీద తెరలో పచ్చగా ఉన్న ట్యాంకు బొమ్మ చూపించి "నిండా ఉండాయమ్మా నీళ్లు, చూడండి" అన్నారు. ఒక పెద్దావిడ ఆ తెర వంకా, ఆయన వంకా చూసి "అట్లయితే ఆ టీవీలో నీళ్లే పట్టీయండి సామీ" అంది.

నన్ను పిలిపించారు. ట్యాంకు ఎక్కి చూస్తే సెన్సర్ మూతి దగ్గర కందిరీగలు గూడు పెట్టి ఉన్నాయి. శబ్దం దానికే తగిలి వెనక్కి వస్తోంది. దూరం తక్కువ, అంటే ట్యాంకు నిండు. యంత్రం అబద్ధం చెప్పలేదు పాపం, తనకు కనబడిందే చెప్పింది.

గూడు తీయడం ఐదు నిమిషాల పని. ఆ కాసేపట్లో కందిరీగలు నా మోచేతిని రెండుచోట్ల కుట్టాయి, అది వేరే సంగతి. ఆ తర్వాత మేం చేసిన మార్పు మీకు పనికొస్తుంది. బయటికి వెళ్లే పైపు మీద, ఎంత నీరు పోతోందో కొలిచే ఫ్లో మీటరు ఎలాగూ ఉంది. నీళ్లు బయటికి పోతున్నా మట్టం గంటల తరబడి ఒక్క సెంటీమీటరు కూడా కదలకపోతే, 'ట్యాంకు నిండింది' అనే బదులు 'సెన్సర్ మీద అనుమానం, మనిషి వెళ్లి చూడాలి' అని మెసేజ్ పంపమని రాశాం. మొత్తం కలిపి ఐదారు లైన్ల లాజిక్. కదలని రీడింగును నమ్మకూడదు, అదీ దాని సారం. ఏఐ గురించి మీరు ఇరవై స్లైడ్లు పెట్టుకోండి, పరవాలేదు. ఈ ఒక్క స్లైడు మాత్రం వదలొద్దు.

నీళ్ల విషయంలో పుస్తకాల్లో ఇంకోటి కనబడుతుంది. రాత్రి రెండు నుంచి నాలుగు మధ్య జనం నిద్రపోతారు, అప్పుడు కూడా పైపులో ప్రవాహం ఉందంటే అది లీకేజీ అని. ఇది గొప్ప పద్ధతి. అయితే ఇరవై నాలుగు గంటలూ నీళ్లు వచ్చే ఊళ్లకే. మన దగ్గర చాలాచోట్ల రోజు విడిచి రోజు, గంటో రెండు గంటలో వదులుతారు. వదిలిన ఆ కాసేపట్లో ప్రతి ఇంటి సంపూ నోరు తెరుచుకుని తాగుతుంది. అందులో ఏది లీకేజీ, ఏది దాహం అని మీటరు ఎలా చెబుతుంది? బయటి నగరాల సాఫ్ట్‌వేర్ తెచ్చి మన పైపులకు తొడిగితే వచ్చే చిక్కు ఇదే. తిరుపతికి కల్యాణి డ్యాం నుంచీ తెలుగుగంగ నుంచీ నీళ్లు వస్తాయి. వానలు ముఖం చాటేసిన ఏడాది కల్యాణి అడుగంటితే, లెక్కలన్నీ ఒకే తెర మీద చూపించే ఏ డాష్‌బోర్డూ ఒక్క చెంబెడు నీళ్లు పుట్టించలేదు. ఉన్నవాటిని ఏ వార్డుకు ఎంత వదులుతున్నామో దాపరికం లేకుండా చూపించగలదు, అది మాత్రం చేయగలదు. అసలు చాలామందికి డాష్‌బోర్డు నచ్చనిది కూడా అందుకే అని నాకో అనుమానం.

నా సర్వీసులో ఊరికి బాగా ఉపయోగపడిన ఐటీ పని ఏదంటే, ఒక పటం. ఒక చిన్న మున్సిపాలిటీలో వాల్వులు తిప్పే పెద్దాయన ఉండేవారు. టర్న్‌కాక్ అంటారు వాళ్లను. ఏ వీధి మూల ఏ వాల్వు ఉంది, దాన్ని ఎన్ని చుట్లు తిప్పాలి, ఏది ఎడమకు తిరుగుతుంది, దేని మీద తారురోడ్డు వేసి పూడ్చేశారు, అన్నీ ఆయన తలలోనే. రిటైర్మెంటుకు నెల ఉందనగా మా కుర్రాడొకడు ఆయన్ను బండి వెనక కూర్చోబెట్టుకుని, జీపీఎస్ పట్టుకుని ఊరంతా తిరిగాడు. మూడు వారాల్లో రెండు వందలకు పైగా వాల్వులు పటం మీదికి ఎక్కాయి. అది టెండరులో లేని పని, దానికి బిల్లూ రాలేదు. ఆయన రిటైరైన ఏడాదిలోనే మెయిన్ పైపు పగిలితే, కొత్తగా వచ్చిన కుర్రవాడు ఫోన్‌లో చూసి సరైన వాల్వు కట్టేశాడు. అంతకుముందైతే మూడు వీధులు తవ్వేవాళ్లు.

వీధిదీపాల గురించి రెండు ముక్కలు చాలు. ఎల్‌ఈడీలు వచ్చాక కరెంటు బిల్లు తగ్గింది, అది బల్బు గొప్పతనం. ఐటీ వచ్చింది ప్యానెల్ పెట్టెలో. యాభై అరవై దీపాల లైనుకు ఒక పెట్టె, అందులో సిమ్. ఎప్పుడు వెలిగాయి, ఎప్పుడు ఆరాయి, లైనులో కరెంటు ఎంత పోతోంది అన్నది చెబుతుంది. మీ ఇంటి ముందు ఒక్క దీపం పోతే దానికి తెలియదు, అరవైలో ఒకటి తగ్గితే లెక్కలో కనబడదు. దానికి ఇప్పటికీ మనిషే సెన్సర్. ఒకచోట సిమ్‌ల బిల్లు ఎవరు కట్టాలన్న దగ్గర ఫైలు ఆగి, ప్యానెళ్లన్నీ ఒకే వారంలో తెర మీద నుంచి మాయమయ్యాయి. దీపాలు మాత్రం లోపలున్న టైమరుతో యథావిధిగా వెలుగుతున్నాయి. అంటే పటంలో ఊరు చీకటి, బయట వెలుగు.

ఫిర్యాదుల యాప్‌లూ ఈ కోవలోవే. 2019 అక్టోబరు 2న వార్డు సచివాలయాలు వచ్చాయి. 2025 జనవరి 30న 'మన మిత్ర' పేరుతో వాట్సాప్‌లోనే ప్రభుత్వ సేవలు మొదలయ్యాయి. కబురు చేరేసే దారులు బోలెడు. నేను ఏ సిస్టమ్‌లోనైనా ముందు చూసేది ఒక్కటే. ఫిర్యాదును 'క్లోజ్' చేసే మీట ఎవరి చేతిలో ఉంది? పని చేయాల్సినవాడి చేతిలోనే ఉంటే, నెలాఖరుకల్లా అన్నీ క్లోజ్ అవుతాయి, గుంత గుంతలాగే ఉంటుంది. ఫిర్యాదు చేసినవాళ్లు సరేనంటేనే మూతపడేలా ఉంటే గుంత పూడుతుంది, కాకపోతే రిపోర్టులో పెండింగ్ ఎక్కువ కనబడుతుంది. రెండో రకం పెట్టమంటే ఎంతమంది ఒప్పుకుంటారో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు తిరుపతి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

2011 జనాభా లెక్కల్లో తిరుపతి నగరం 2.87 లక్షలు. కొండకు రోజుకు వచ్చే భక్తులు మామూలుగా అరవై, డెబ్భై వేలు, సెలవుల్లో ఇంకా ఎక్కువ. అంటే ఆ లెక్క ప్రకారం ఊరి జనాభాలో నాలుగో వంతుకు దగ్గరగా ప్రతి రోజూ కొత్తవాళ్లు వస్తారు. వాళ్లు ఇక్కడ పన్ను కట్టరు, ఓటు వేయరు, యాప్ వేసుకోరు, వాళ్లకు వార్డు సచివాలయం అంటే తెలియదు. కానీ నీళ్లు తాగుతారు, లాడ్జిలో స్నానం చేస్తారు, ఆటో ఎక్కుతారు, చెత్త పడేస్తారు. స్మార్ట్ సిటీ డిజైన్లన్నీ 'పౌరుడు' అనే మనిషిని మధ్యలో పెట్టుకుని గీస్తారు. తిరుపతిలో ఆ బొమ్మ సరిపోదు.

ట్రాఫిక్ సిగ్నళ్ల పని చేసేటప్పుడు ఇది నాకు బాగా తెలిసొచ్చింది. వాహనాల రద్దీని కెమెరాతో లెక్కపెట్టి, దాన్నిబట్టి గ్రీన్ టైమును పెంచీ తగ్గించీ చేసే సిగ్నళ్లు ఉంటాయి. మామూలు నగరాల్లో పొద్దున తొమ్మిదికి ఆఫీసుల రద్దీ, సాయంత్రం ఆరుకు తిరుగు రద్దీ. తిరుపతిలో తెల్లవారుజామున మూడున్నరకే రైల్వే స్టేషన్ నుంచి, బస్టాండు నుంచి అలిపిరి వైపు కదలిక మొదలవుతుంది. శనివారాల లెక్క వేరు, బ్రహ్మోత్సవాల్లో గరుడ సేవ రోజు లెక్క మరీ వేరు. ఇంకో చిక్కు. కెమెరా బండ్లను లెక్కపెడుతుంది, మనుషులను లెక్కపెట్టదు. గుండు కొట్టించుకుని, పిల్లల్ని చంకనెత్తుకుని, ఒకరి కొంగు ఒకరు పట్టుకుని నలభై మంది ఒకేసారి రోడ్డు దాటుతుంటే, సిగ్నల్ దృష్టిలో ఆ రోడ్డు ఖాళీ. ఖాళీగా ఉందని అటువైపు టైము కోసేస్తుంది. నేను పనిచేసిన ఒక కూడలిలో చివరికి ఆ తెలివిని పక్కనబెట్టి, రోజులో కొన్ని గంటలకు టైమును చేత్తో బిగించేశాం. కానిస్టేబుల్ చెయ్యెత్తితే ఆగినంతగా జనం ఎర్ర దీపానికి ఆగరు మరి.

నేను పైన 'వేరే చోటు చూపిస్తా' అన్నది ఇది. తిరుపతిలో ఊరిని మార్చిన అసలైన ఐటీ మున్సిపాలిటీది కాదు, దర్శనం టోకెన్లది.

వెనకటికి కొండకు వచ్చినవాళ్లు వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లోకి వెళ్లి, ఎప్పుడు పిలిస్తే అప్పుడని కంపార్ట్‌మెంట్లలో కూర్చునేవారు. నిలబడటం అంతా కొండ మీదే. తర్వాత 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లోకి వచ్చాయి, ఇప్పుడు సుమారు మూడు నెలల ముందే విడుదల చేస్తున్నారు. ఉచిత దర్శనానికి కూడా టైమ్‌స్లాట్ టోకెన్లు కింద తిరుపతిలోనే శ్రీనివాసం, విష్ణునివాసం, భూదేవి కాంప్లెక్స్ లాంటి చోట్ల ఇస్తున్నారు. దీంతో ఏమైంది? క్యూ మాయం కాలేదు. కొండ మీద హాల్లో నుంచి దిగి ఊళ్లోకి వచ్చింది. రాత్రి పదింటికి స్లాట్ దొరికిన కుటుంబం ఆ పగలంతా ఎక్కడుంటుంది? గోవిందరాజస్వామి గుడికి వెళ్తుంది, తిరుచానూరు వెళ్తుంది, కపిలతీర్థంలో స్నానం చేస్తుంది, లాడ్జిలో నాలుగు గంటలకు గది తీసుకుంటుంది. సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు మనసులో పెట్టుకున్నది దర్శనం లైను. దాని వల్ల మారింది గాంధీ రోడ్డు ఇడ్లీ బండి మొదలు రేణిగుంట రోడ్డు లాడ్జి ట్యాంకు దాకా.

ఒక విభాగం పెట్టుకున్న సాఫ్ట్‌వేర్ ఇంకో విభాగం బరువును మార్చేస్తుంది. 'స్మార్ట్ సిటీల అభివృద్ధిలో ఐటీ పాత్ర' అని మీకిచ్చిన టాపిక్‌కు ఇంతకన్నా మంచి కేసు మన దగ్గర నాకు కనబడలేదు. దీన్ని తిరగేసి చూడండి. ఫలానా తేదీన, ఫలానా గంటకు, ఇంతమంది వస్తారని ముందే తెలిసే ఊళ్లు దేశంలో ఎన్ని ఉంటాయి? పేర్లు వద్దు, ఆధార్ నంబర్లు వద్దు, ఉత్త అంకెలు చాలు. గంటకు ఎన్ని టోకెన్లు ఇచ్చారు అన్న ఒక్క పట్టిక పొద్దున్నే నీటి సరఫరా ఏఈకి, శానిటేషన్ మేస్త్రికి, బస్ డిపో మేనేజరుకు వెళ్లిందనుకోండి. ఏ వార్డు ట్యాంకు ముందు నింపాలో, చెత్త బండి రెండో ట్రిప్ ఎప్పుడు వేయాలో ఊహించక్కర్లేదు. దీనికి కొత్త సెన్సర్ ఒక్కటి కూడా అక్కర్లేదు. రెండు ఆఫీసులు ఒక పట్టిక పంచుకుంటే చాలు. చెప్పడం తేలిక, చేయడం ఎంత కష్టమో పదిహేడేళ్లుగా చూస్తున్నా. ఫైబర్ కేబుల్‌కు రోడ్డు తవ్వే పర్మిషన్ దొరుకుతుంది గానీ, ఒక ఆఫీసు అంకెలు ఇంకో ఆఫీసుకు ఇప్పించడం తాతలు దిగొచ్చినా కాదు.

ఇందులోనే చేదు పాఠం ఒకటి ఉంది, దాటేయకూడదు. 2025 జనవరి 8 రాత్రి వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం తిరుపతిలో కౌంటర్ల దగ్గర జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. టోకెన్ అనేది రద్దీని విడగొట్టడానికి పుట్టింది. కానీ ఆ టోకెన్ కోసం అందరూ ఒకేచోటికి, ఒకే రాత్రి రావాల్సి వస్తే రద్దీ తగ్గదు, చోటు మారుతుంది. మరుసటిసారి, 2025 డిసెంబరు చివర్లో మొదలైన వైకుంఠ ద్వార దర్శనాలకు, మొదటి మూడు రోజుల టోకెన్లను ఆన్‌లైన్‌లో పేర్లు నమోదు చేయించుకుని లాటరీ తీశారు. ఈ-డిప్ అంటారు. కౌంటర్ల ముందు గుంపు లేకుండా చేయడానికి అది మంచి పద్ధతే. ఫోన్ వాడటం రాని పల్లెటూరి ముసలాయనకు ఆ మూడు రోజులూ దారి మూసుకున్నట్టే కదా అన్నది నా బాధ. రెండూ నిజమే, రెండూ రాయండి.

కొండ దారిలో కూడా ఐటీ పెరుగుతోంది. 2025 ఆగస్టు 15 నుంచి అలిపిరి దగ్గర కొండెక్కే వాహనాలకు ఫాస్టాగ్ తప్పనిసరి చేశారు. 2023 మార్చిలో గదుల కేటాయింపు, టోకెన్ లేని దర్శనం లాంటి చోట్ల ముఖ గుర్తింపు ప్రయోగాత్మకంగా తెచ్చారు. ఒకే గది మీద దళారులు చేసే గారడీకి ఇది విరుగుడు, అందులో సందేహం లేదు. అదే సమయంలో ముఖం పాస్‌వర్డ్ లాంటిది కాదు, ఒకసారి బయటికి పోతే మార్చుకోలేం. 2017లో సుప్రీంకోర్టు గోప్యతను ప్రాథమిక హక్కు అంది, 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. మీ సెమినార్‌లో ఏ కెమెరా గురించి చెప్పినా, ఆ వీడియో ఎన్నాళ్లు ఉంచుతారు, ఎవరు చూస్తారు అన్న రెండు ప్రశ్నలు పక్కన రాయండి. నేను బిగించిన చాలా కెమెరాలకు ఆ రెండో ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, ఒప్పుకుంటున్నా.

వాన సంగతి చెప్పకపోతే ఈ జవాబు సగమే. బ్రెజిల్‌లో రియో డి జనీరో నగరం కంట్రోల్ రూమును ప్రపంచమంతా మోడల్‌గా చూపిస్తారు. అది పుట్టింది వానల వల్లే. 2010 ఏప్రిల్‌లో కుండపోత వానకు కొండచరియలు విరిగిపడి జనం పోయారు, ఆ ఏడాది చివరికి ఐబీఎం సాయంతో ఆ కేంద్రం పెట్టుకున్నారు. కొండ కిందున్న ఊరు కాబట్టి మనకు దగ్గరి చుట్టమే. తిరుపతి శేషాచలం వాలులో ఉంది. ఉత్తరాన కొండ మీద పడిన నీళ్లు ఊళ్లోంచే దక్షిణంగా స్వర్ణముఖి వైపు పోవాలి. ఆ దారిలో ఒకప్పుడు గుంటలు, చెరువులు, వాగులు. ఇప్పుడు వాటిలో చాలావాటి మీద ఇళ్లు. 2021 నవంబరు వానకు వీధులు ఏరులయ్యాయి, కార్లు కొట్టుకుపోయాయి, అవతల రాయలచెరువు కట్ట ఎక్కడ తెగుతుందోనని కింది పల్లెలు రాత్రంతా మేలుకున్నాయి. అదే ఏడాది అక్టోబరులో వెస్ట్ చర్చి దగ్గర రైల్వే అండర్‌బ్రిడ్జి నీళ్లలో బండి చిక్కుకుని ఒక ప్రాణం పోయింది.

అక్కడ ఐటీ ఏం చేయగలదు? చెరువును తిరిగి తవ్వలేదు. కానీ అండర్‌బ్రిడ్జిలో నీళ్లు అడుగు దాటగానే రెండువైపులా ఎర్రదీపం వెలిగించి, అడ్డకర్ర దించగలదు. మట్టం చూసే సెన్సర్ కొన్ని వేల రూపాయలు. మొత్తం ఏర్పాటు ఒక మంచి కెమెరా స్తంభం ఖర్చులో అయిపోతుంది. బయటి ఊరి డ్రైవరుకు ఆ బ్రిడ్జి లోతు తెలియదు, గూగుల్ మ్యాప్స్ దారి మాత్రమే చెబుతుంది. ఇక్కడ మనిషికి కబురు చేరి, అతను వచ్చి అడ్డం నిలబడేంత టైము లేదు. కాబట్టి యంత్రమే పని కూడా చేయాలి. మొదట్లో 'కబురు చేరవేయడమే ఐటీ పని' అన్నాను కదా, దానికి ఇది మినహాయింపు. నిమిషాల్లో ప్రాణం పోయే చోట యంత్రానికి చేతులు కూడా ఇవ్వండి, మిగతా చోట్ల కబురుతో సరిపెట్టండి.

చివరిగా డబ్బు. మిషన్ నిధులు సామాను కొనడానికి, బిగించడానికి వచ్చాయి. వాటితోపాటు కొన్నేళ్ల మెయింటెనెన్స్ కాంట్రాక్టు ఉంటుంది. అది అయిపోయాక? బయట స్తంభం మీద పెట్టెలో బ్యాటరీ మామూలుగా మూడేళ్లకు మించి బతకదు, మన ఎండలకు ఇంకా ముందే పోతుంది. ఎక్కడో జేసీబీ తవ్వితే ఫైబర్ తెగుతుంది. పాత మోడెం నెట్‌వర్క్ మారితే పనికిరాదు. సాఫ్ట్‌వేర్ లైసెన్సు రెన్యువల్ అడుగుతుంది. మున్సిపాలిటీ బడ్జెట్‌లో జీతాలు, కరెంటు, పారిశుధ్యం పోగా మిగిలేదెంతో మీకు తెలియనిది కాదు. మిషన్ కిందికి వచ్చిన 100 నగరాల్లోనూ కమాండ్ కంట్రోల్ సెంటర్లు, అంటే ఆ తెరల గదులు, నడుస్తున్నాయని కేంద్రం ప్రకటించింది. కోవిడ్ టైములో వాటిని వార్ రూములుగా వాడుకున్నారు కూడా. అవి పనికొచ్చాయనడానికి అది మంచి ఉదాహరణే. ఇకమీదట అవి ఎలా నడుస్తాయన్నది మెయింటెనెన్స్ బిల్లు ఎవరు కడతారన్న దాని మీద ఉంది. నన్నడిగితే, కొత్త ఊరు ఏదైనా నాకు నూరు రూపాయలిచ్చి 'స్మార్ట్ చేయి' అంటే, నలభై రూపాయల సామాను బిగించి అరవై రూపాయలు పదేళ్ల బాగోగులకు బ్యాంకులో వేసుకోమంటాను. ఇలా చెప్పే సబ్‌కాంట్రాక్టరుకు ఎవరూ పని ఇవ్వరు కాబట్టి బయట అనను.

మీ సెమినార్‌కి రెండు సలహాలు. మీ చిత్తూరు ఆ 100 నగరాల జాబితాలో లేదు, అదే మీకు లాభం. ఎవరూ ఏమీ అమ్మని ఊళ్లో ఏం కావాలో తేటగా కనబడుతుంది. ఊరి మధ్యలో నీవా నది ఉంది. 2021లో అదేం చేసిందో మీ వీధిలో పెద్దవాళ్లను అడగండి. వంతెన స్తంభం మీద రంగుతో గీతలు గీసి, వానాకాలంలో గంటకోసారి ఫోన్‌తో ఫొటో తీసి పంపే ఏర్పాటు నుంచి మొదలుపెట్టి, సెన్సర్ దాకా వెళ్లండి. ఏ మెట్టు దగ్గర ఎంత ఖర్చు, ఎంత ఆలస్యం తగ్గింది అని పోల్చి చూపించండి. మీ లెక్చరర్‌కు అది నచ్చకపోతే నా జవాబు చూపించి నా మీదికి తోసేయండి.

రెండోది, ఒక రోజు మీ ఊరి పంప్‌హౌస్‌కు వెళ్లండి. ఉత్తరం, పర్మిషన్ అని పెద్ద హంగామా అక్కర్లేదు, వార్డు సచివాలయంలో వసతుల పనులు చూసే అమెనిటీస్ సెక్రటరీని అడిగితే తీసుకెళ్తారు. తెల్లవారుజామున ఐదు, ఐదున్నర మధ్య వెళ్లండి, వాల్వులు విప్పేది అప్పుడే. ఏడు దాటాక వెళ్తే ఆపరేటర్ టీకి పోయి ఉంటాడు, మీకు ప్యానెల్ ఒక్కటే కనబడుతుంది.